మెమొరీ కార్డు : దానిని కొనుటయు, వాడుటయు

మనుష్యుని జ్ఞాపకశక్తి చంచలమైనది. అందుచేతనే మన పూర్వులు తాము మరువరాదని తలచిన సంగతులను రాతిమీదను, రాగిరేకుమీదను, తాటియాకుమీదను వ్రాసి యుంచిరి. సూర్యాపేటకు సమీపముననున్న పిల్లలమర్రి దేవాలయములయందు కాకతీయుల కాలమున చెక్కబడిన శిలాశాసనములను నేటికిని చదువవచ్చును. ఇప్పుడు మన యిండ్లలో ఆ శాసనము చేయు పనిని బొటనవ్రేలి గోరంత యున్న యొక నల్లని బిళ్ల చేయుచున్నది. దానినే మెమొరీ కార్డు అందురు. శాసనము బండయంత బరువు, ఎవరును అపహరింపజాలరు. ఈ బిళ్లయో, జేబు చిల్లినుండి జారిపోవునంతటిది. అందున్నది ఒక్క నిమిషములో నశింపగలదు. కావున దాని గుణదోషముల నెరిగి కొనుట, యెరిగి వాడుట మనకు మిక్కిలి యవసరము.

మన నల్లగొండ, పాలమూరు సీమలలో ఈ కార్డులేని యిల్లు అరుదు. బటన్ల ఫోనులోను, పాటలు పాడు చిన్న స్పీకరులోను, ఫోటోలు తీయు కెమెరాలోను, దుకాణమునకు కావలి యుండు కెమెరాలోను ఇదియే యున్నది. పాలమూరునుండి మట్టిపనికిని, కట్టడపు పనికిని బొంబాయి, పూనా మొదలగు దూరపు పట్టణములకు పోవు కుటుంబములు తరతరములుగా కలవు. అట్టివారి ఫోనులో తల్లి కంఠధ్వని, బిడ్డ తొలి నడక, చెల్లెలి పెండ్లి అన్నియు ఒక్క కార్డులోనే యుండును. కార్డు చెడినచో పోవునది రెండు మూడు వందల రూపాయలు మాత్రమే కాదు. మరల కొనలేనిది పోవును. తక్కువ ధర కార్డు కొనువాడే యెక్కువ జాగ్రత్తపడవలసినవాడు. ఏలయన రెండవసారి కొనుటకు వానియొద్ద సొమ్ము లేదు.

పుట్టుక

ఈ కార్డులోనుండు చిప్పును ఫ్లాష్ మెమొరీ యందురు. జపాను దేశమున తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసుఒకా అను ఇంజనీరు దీనిని కనిపెట్టి, 1984వ సంవత్సరమున పండితుల సభయందు వెల్లడించెను. వ్రాసినదంతయు కెమెరా దీపము తళుక్కుమన్నంతలో చెరిగిపోవును గనుక దీనికి ఫ్లాష్ అను పేరు కలిగినది. తరువాత 1999లో శాన్‌డిస్క్, పానసోనిక్, తోషిబా కంపెనీలు మూడును కలిసి ఎస్.డి. కార్డును ప్రకటించినవి. అది 32 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలది. 2005 నుండి వాడుకలోనికి వచ్చిన మైక్రో ఎస్.డి. కార్డు 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందము మాత్రమే కలది. మన ఫోనులలో నుండునది యిదియే.

లోపల జరుగు పని

కార్డులో లెక్కకు మిక్కిలియైన సూక్ష్మ కణములు కలవు. ప్రతి కణమునందును విద్యుత్తు బయటికి పోకుండ నలువైపుల గోడ కట్టబడిన యొక చిన్న గది యుండును. ఆ గదిలో ఎలక్ట్రానులు నిండియున్నచో ఒక గుర్తు, లేనిచో మరియొక గుర్తు. ఈ రెండు గుర్తులతోనే అక్షరములును, పాటలును, చిత్రములును వ్రాయబడును. ఫోను ఆపివేసినను ఎలక్ట్రానులు గదిలోనే నిలుచును గనుక కార్డులోని సంగతి చెరిగిపోదు. గుణకారము నేర్చిన ప్రతి విద్యార్థియు దీని లెక్కను చేయవచ్చును. ఒక్కొక్క గుర్తును బిట్టు అందురు. 8 బిట్లు ఒక బైటు. యూనికోడ్ పద్ధతిని సాధారణముగా వాడు విధమున తెలుగులో ప్రతి వర్ణచిహ్నమునకు 3 బైట్లు పట్టును. "అమ్మ" అను మాటలో అ, మ, పొల్లు, మ అను నాలుగు చిహ్నములు గలవు. కావున 12 బైట్లు.

ఇచట రెండు విషయములు గమనింపవలెను. మొదటిది: పలకమీద ఒక్క అక్షరమును చెరిపి మరల వ్రాయవచ్చును గాని, ఈ చిప్పులో అట్లు వీలుపడదు. వరుసలు వరుసలుగా వ్రాయవచ్చును. చెరుపవలసి వచ్చినచో ఒక పలకనంతయు చెరుపవలెను. రెండవది: చెరిపిన ప్రతిసారియు గది గోడ కొంచెము అరుగును. ఒక్కొక్క కణమున ఒక్క బిట్టే దాచు మేలురకపు చిప్పు లక్ష పర్యాయములవరకు చెరుపుటకు తాళగలదు. మూడు, నాలుగు బిట్లు దాచు చౌకరకము కొన్ని వందలనుండి కొన్ని వేల పర్యాయములకే అలసిపోవును. చౌక కార్డు చౌకయగుటకు ఇది యొక ముఖ్యకారణము. పాటలు వినుటకు ఇది చాలును. ఏలయన పాటను ఒక్కసారి వ్రాసి పలుమారు చదువుదుము, చదువుటవలన అంత అరుగుదల లేదు. రాత్రింబవళ్లు చెరిపి వ్రాయుచుండు కావలి కెమెరాకు మాత్రము, అట్టి పనికొరకే ఎక్కువ మన్నికతో చేయబడిన కార్డు వేరుగా దొరకును, దానినే కొనవలెను.

పరిమాణపు లెక్క

వేయి బైట్లు ఒక కిలోబైటు, పదిలక్షల బైట్లు ఒక మెగాబైటు, వంద కోట్ల బైట్లు ఒక గిగాబైటు. గిగాబైటునే జీబీ యందురు. 32 జీబీ కార్డు కొని కంప్యూటరులో పెట్టిన పలువురు, 29.8 అని చూపుటను గాంచి మోసపోతిమని యనుకొందురు. అది మోసము కాదు. తయారీదారుడు వేయి చొప్పున లెక్కించును. పలు కంప్యూటర్లు 1024 చొప్పున లెక్కించును. 3,200 కోట్ల బైట్లను 1024చే మూడుమారులు భాగించినచో 29.8 వచ్చును. ఇట్లే 64 జీబీ కార్డు 59.6గా కనిపించును. ఇంతకంటె మిక్కిలి తక్కువగా చూపినప్పుడే సందేహింపవలెను.

కొనుటకు ముందు ఎంత కావలయునో లెక్కించుకొనుట మంచిది. సాధారణమైన పాట నిమిషమునకు సుమారు 1 మెగాబైటు పట్టును. ఐదు నిమిషముల పాటకు 5 మెగాబైట్లు. కావున 8 జీబీ కార్డులో 1,600 పాటలు పట్టును. దినమునకు 20 పాటల చొప్పున వినినను 80 దినములు పట్టును. పుటకు 1,500 చిహ్నములుగల 200 పుటల తెలుగు పుస్తకము 9 లక్షల బైట్లే గనుక, అట్టివి అదే కార్డులో 8,000కు పైగా నిలుచును. చలనచిత్రములకు మాత్రము ఎక్కువ స్థలము కావలెను. సెకనుకు 2 మెగాబైట్ల చొప్పున తీసిన వీడియో గంటకు 7.2 జీబీ తినును; 32 జీబీ కార్డు నాలుగున్నర గంటలకు లోపుగనే నిండును. పాటలు వినుటకు మాత్రమే వాడు తాతగారి స్పీకరుకు 128 జీబీ కార్డు కొనుట, గ్లాసెడు నీళ్లకు చెరువు త్రవ్వించుటవంటిది.

కార్డుమీది గుర్తులు

కార్డుమీది అక్షరములు అలంకారమునకు వ్రాసినవి కావు. ఎస్.డి.హెచ్.సి. అని యున్నచో 2 జీబీకి మించి 32 జీబీవరకును, ఎస్.డి.ఎక్స్.సి. అని యున్నచో 32 జీబీకి మించి 2 టెరాబైట్లవరకును గల జాతి. టెరాబైటనగా వేయి జీబీలు. క్రొత్త యంత్రము పాత జాతి కార్డును చదువగలదు. పాత యంత్రము క్రొత్త జాతిని చదువజాలక పోవచ్చును. బటన్ల ఫోనులును, చిన్న స్పీకర్లును పలుమారు 32 జీబీవరకే అంగీకరించును గనుక, యంత్రముతో వచ్చిన కాగితమును చదివి కొనవలెను. ఈమధ్య వచ్చుచున్న పెద్ద ఫోనులు కొన్నిటికి కార్డు పెట్టు చోటే లేదు. మరి కొన్నిటిలో రెండవ సిమ్ము పెట్టినచో కార్డునకు తావుండదు.

ఇంగ్లీషు సి అక్షరములో 10 అంకె యున్నచో, ఆ కార్డు సెకనుకు కనీసము 10 మెగాబైట్లు వ్రాయగలదని యర్థము. యు అక్షరములో 1 ఉన్నను అంతియే; 3 ఉన్నచో 30 మెగాబైట్లు. వి 30 అనినను 30 మెగాబైట్లే. ఫోనులోని అప్లికేషనులను కార్డుమీద నడుపుటకు ఎ1 లేక ఎ2 అను గుర్తు చూడవలెను. పెద్ద అక్షరములతో సెకనుకు 100 మెగాబైట్లని అచ్చువేసినచో అది సాధారణముగా చదువు వేగము. వ్రాయు వేగము అంతకు తక్కువ యుండును. పాటలకును ఫోటోలకును 10 అంకె చాలును.

దొంగ కార్డు

ఇక ముఖ్యమైన అపాయమును గూర్చి చెప్పవలసియున్నది. కార్డులో కణములేగాక, వానికి లెక్కలు వ్రాయు కంట్రోలరు అను మరియొక చిన్న యంత్రము గలదు. ఎచట ఎంత స్థలమున్నదో ఫోను తానుగా కొలువదు. కంట్రోలరు నడిగి తెలిసికొనును. పొలమును కొలువక పహాణీ చూచి నమ్మినట్లే యిదియు. ఉన్న భూమి 8 ఎకరములైయుండ దస్త్రములో 64 ఎకరములని వ్రాసినచో, నాగలి కట్టువరకు మోసము బయటపడదు గదా! అట్లే మోసగాండ్రు 8 జీబీ చిప్పును పెట్టి, కంట్రోలరులో 64 జీబీ అని దొంగలెక్క వ్రాసి, పేరుపొందిన కంపెనీ ముద్ర వేసి యమ్ముదురు.

ఇందలి క్రూరత్వ మేమనగా, మోసము కొన్న దినమున తెలియదు. ఫోనులో పెట్టగనే 64 అని చూపును. మొదటి 8 జీబీలవరకు అన్నియు సరిగా నుండును. ఆ పిమ్మట వ్రాసినదానికి చోటులేక, అది శూన్యములో కలిసిపోవును. లేదా ముందు వ్రాసినదానిమీదనే వ్రాయబడి, పాతది చెరిగిపోవును. ఫోటోల పేర్లు పట్టికలో కనిపించును గాని, తెరచిచూచిన బూడిదరంగు మాత్రమే యుండును. ఒక కుటుంబమువారు అట్టి కార్డును సంక్రాంతికి కొనిరని యనుకొందము. నెలలు గడచి, వేసవిలో బిడ్డ పెండ్లినాటికి 8 జీబీలు దాటును. పెండ్లి చిత్రములే పోవును. అప్పటికి రసీదును ఉండదు, అమ్మినవాడును ఉండడు.

కొనునప్పుడు

మొదటిది, ధరను జీబీలచే భాగింపుడు. 32 జీబీ కార్డు 400 రూపాయలైనచో జీబీకి 12 రూపాయల 50 పైసలు. మరియొకచోట ఒక టెరాబైటు కార్డును 500 రూపాయలకే యిచ్చెదమనిన, జీబీకి 50 పైసలు. ఒకే సరకునకు ధరలో ఇరువదియైదింతల భేద మెట్లు కలుగును? బేరమాడవలసిన పని లేదు, దానిని విడిచిపెట్టవలెను.

రెండవది, అంగడిని ఎంచుకొనవలెను. హైదరాబాదు అబిడ్సులోని జగదీశ్ మార్కెట్టునందును, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునందును, మన జిల్లాల పట్టణములలోని ఫోను దుకాణములందును, ఇంటర్నెటు అంగళ్లయందును కార్డులు దొరకును. స్థలము ఏదైనను, పేరు వ్రాసి రసీదు ఇచ్చువానియొద్దనే కొనవలెను. మూతవేసిన పొట్లములో నున్నదానినే తీసికొని, దానిమీద గరిష్ఠ ధర, తయారీదారుని పేరు, మన దేశములోనికి తెప్పించినవాని చిరునామా ఉన్నవేమో చూడవలెను. అచ్చు మసకగా నున్నను, కంపెనీ పేరులో అక్షరదోష మున్నను కొనరాదు.

మూడవది, రసీదును భద్రపరుపవలెను. మంచి కంపెనీలు కొన్నేండ్ల హామీ నిచ్చును. కాని వారు మార్చి యిచ్చునది కార్డునే. అందలి చిత్రములను కాదు. మోసపోయినచో 1915 అను నంబరుకు ఫోను చేసి, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమువారికి చెప్పవచ్చును. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టమునుబట్టి, జిల్లా కమిషనునందు రెండేండ్లలోపుగా ఫిర్యాదు చేయవచ్చును; 5 లక్షల రూపాయలవరకు విలువగల సరకు విషయమున రుసుము లేదు. స్వల్పమైన ధరకు ఇంత శ్రమ యేల యని కొందరందురు. ప్రతివాడును అట్లే యనుకొనుటవలననే మోసగాడు బ్రదుకుచున్నాడు.

పరీక్షించు విధము

క్రొత్త కార్డును నమ్ముటకు ముందు నిండుగా నింపి చూడవలెను. పాఠశాలలోని కంప్యూటరుకు కార్డు రీడరు తగిలించి, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అను ఉచితమైన ప్రోగ్రామును విండోసులోగాని, ఎఫ్3 అను దానిని లైనెక్సులోగాని నడిపినచో, అది కార్డునంతయు నింపి, వ్రాసినది మరల చదివి, నిజమైన పరిమాణమును చెప్పును. సెకనుకు 10 మెగాబైట్ల చొప్పున 32 జీబీ నింపుటకు 53 నిమిషముల 20 సెకనులు పట్టును. చదువుటకు మరికొంత కాలము. కార్డులో ముందే ఏమైన నున్నచో, దానిని వేరొకచోటికి నకలు తీసికొనిన పిమ్మటనే పరీక్షింపవలెను.

కంప్యూటరు లేనివారు, పాటలతోగాని వీడియోలతోగాని కార్డును అంచువరకు నింపి, ఫోను ఆపి, కార్డు తీసి మరల పెట్టి, మొదట వ్రాసినవానిని, నడిమివానిని, చివరివానిని తెరచి చూడవలెను. అన్నియు సరిగా పాడినచో కార్డు మంచిదని చాలవరకు నమ్మవచ్చును. కొన్న వారములోపుగనే ఈ పని చేసినచో, అంగడివాడు మార్చి యిచ్చు గడువు దాటకుండును.

వాడునప్పుడు

ఫోను వ్రాయుచుండగా కార్డును లాగరాదు. ఫోను ఆపియైనను, కార్డును వేరుచేయు మీటను నొక్కియైనను తీయవలెను. లేనిచో పాటలు లోపలనే యుండి, వాని పట్టిక చెడిపోవును. క్రొత్త కార్డును ఏ యంత్రములో వాడదలచితిరో ఆ యంత్రములోనే ఫార్మాట్ చేయుట మంచిది. ఫార్మాట్ అనగా పట్టికను చెరిపి క్రొత్తగా గీయుట. పాతవి యన్నియు పోవునని యెరిగి చేయవలెను. 2015లో వచ్చిన ఆరవ కూర్పునుండి ఆండ్రాయిడ్ ఫోనులు కొన్నిటిలో, కార్డును ఫోనులోని స్థలముతో కలిపివేయు ఏర్పాటు కలదు. అట్లు కలిపిన కార్డు మరియొక యంత్రములో చదువబడదు. ఫోను చెడినచో అందున్నవియు దక్కవు. ఫోటోలు దాచుకొనువారు దానిని ఎంచుకొనరాదు.

బంగారురంగు మెరయు కాళ్లను వ్రేలితో తాకరాదు. మన సీమలో వేసవి యెండ 40 డిగ్రీలు దాటును. మూసిన బండి లోపల అంతకంటె మిక్కుటము. వేడిమి హెచ్చినకొలది గదులలోని ఎలక్ట్రానులు వేగముగా జారిపోవును. కావున కార్డును ఎండలో విడువక, చిన్న డబ్బాలో పెట్టి నీడపట్టున ఉంచవలెను. పసిబిడ్డలకు అందనీయరాదు, మ్రింగుదురు.

పొరపాటున ఒక ఫోటో చెరిగినచో, వెంటనే కార్డును తీసి ప్రక్కన పెట్టవలెను. చెరుపుటయనగా తరచుగా పట్టికలోని పేరును కొట్టివేయుటయే. దానిమీద మరియొకటి వ్రాయబడనంతవరకు తిరిగి తీయగల ప్రోగ్రాములు కలవు. ఇందు మేలును గలదు, కీడును గలదు. ఫోనును బాగుచేయుటకిచ్చునప్పుడును, పాత ఫోను అమ్మునప్పుడును కార్డును తీసికొనవలెను. చెరిపివేసితిమిగదా యని నమ్మి ఆడుబిడ్డల ఫోటోలున్న కార్డును పరాయివాని చేతికీయరాదు. పాటలు ఎక్కించుకొనుటకు దుకాణమునకు పోవువారు వేరొక కార్డును తీసికొనిపోవుట మేలు; పలు ఫోనులు తగిలించిన కంప్యూటరునుండి వైరసులు అంటుకొనును. మరియు పాటకు యజమాని గలడనియు, అనుమతిలేని నకలును 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము నిషేధించుననియు విద్యార్థులు తెలిసికొనవలెను.

ముగింపు

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. ఎంత మంచి కార్డైనను ఒకనాడు చెడును. తరచుగా ముందు చెప్పక చెడును. కావున ప్రియమైనదానికి రెండు నకళ్లు ఉండవలెను. ఆ రెండును ఒకే యింట ఒకే పెట్టెలో నుండరాదు. ఒకటి బొంబాయిలోని తండ్రియొద్ద, మరియొకటి దేవరకొండలోని అవ్వయొద్ద ఉండిన నేమి కష్టము? మిక్కిలి ముఖ్యమైన ఫోటోలను పదింటిని ఏరి కాగితముపై అచ్చు వేయించుటయు మంచిదే. బాలబాలికలారా! మీ యింటి పెద్దలు చదువురానివారైనచో, వారి కార్డును పరీక్షించి యిచ్చుట మీ పని. మీరు నేర్చిన భాగహారము ఈ సెలవులలో ఒక్క యింటి పెండ్లి చిత్రములను కాపాడినను, ఆ చదువు సార్థకము.

అభ్యాసము

1. 5 మెగాబైట్ల పాటలు 16 జీబీ కార్డులో ఎన్ని పట్టును? (జవాబు: 3,200)

2. 16 జీబీ కార్డు కంప్యూటరులో ఎంతగా కనిపించును? (జవాబు: 14.9)

3. సెకనుకు 10 మెగాబైట్ల చొప్పున 8 జీబీ నింపుటకు ఎంతకాలము? (జవాబు: 13 నిమిషముల 20 సెకనులు)

4. మీ యింటిలోని కార్డుమీది గుర్తులను చూచి వ్రాసి, ఒక్కొక్కదాని యర్థమును మీ తల్లిదండ్రులకు చెప్పుడు.